విండోస్ 3.1లో ట్రంపెట్ విన్‌సాక్: కింది నుంచి పైకి

అందరికీ నమస్కారం.

1992లో వచ్చిన విండోస్ 3.1లో సొలిటైర్ ఉంది, పెయింట్‌బ్రష్ ఉంది, మోడెమ్‌తో మాట్లాడే టెర్మినల్ కూడా ఉంది. ఇంటర్నెట్‌లో యంత్రాలు మాట్లాడుకునే భాష టీసీపీ/ఐపీ మాత్రం లేదు. ఆ లోటు తీర్చినది టాస్మేనియాకు చెందిన పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్. అది షేర్‌వేర్: ముందు వాడి చూడొచ్చు, నచ్చితే డబ్బు కట్టాలి. చాలామంది వాడారు, కట్టలేదు. దీన్ని ఎక్కించేటప్పుడు వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం ఆ ప్రోగ్రామ్‌వి కావు, దాని కిందున్న పోర్టువి, కేబుల్‌వి, జిప్ ఫైలువి. కాబట్టి కింది నుంచి పైకి రండి.

మొదటి చిక్కు: ఇంటర్నెట్‌కు కలిపే ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోనే ఉంది. ఎవరైనా ఫ్లాపీలో ఇస్తే సరే. లేకపోతే టెర్మినల్‌తో యూనిక్స్ షెల్ అకౌంట్‌కు (దూరపు యూనిక్స్ యంత్రంలో అక్షరాల ఆదేశాలతో నడిపే ఖాతాకు) డయల్ చేసి, అక్కడి ఎఫ్‌టీపీతో (ఫైళ్లు తెచ్చే ప్రోగ్రామ్‌తో) ఫైలును ఆ యంత్రంలోకి తెచ్చి, అక్కణ్నుంచి మన పీసీకి దించుకోవాలి. ఫైళ్లు దించే పద్ధతుల్లో విండోస్ టెర్మినల్‌కు తెలిసినవి ఎక్స్‌మోడెమ్, కెర్మిట్ మాత్రమే. టెలిక్స్ లాంటి డాస్ ప్రోగ్రామ్ ఉంటే జీమోడెమ్ వాడండి, లైను తెగినా ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. 200 కిలోబైట్ల ఫైలు సెకనుకు 2400 బిట్ల మోడెమ్ మీద ఎంత లేదన్నా 14 నిమిషాలు, 14,400 మీద రెండున్నర నిమిషాలు. కెర్మిట్‌లో బైనరీ (ఉన్నదున్నట్టు పంపు) అని చెప్పడం మరిచారా, యూనిక్స్ వైపు నుంచి ప్రతి లైన్‌ఫీడ్ బైటు ముందు ఒక క్యారేజ్ రిటర్న్ వచ్చి చేరుతుంది. ఫైలు సర్వర్‌లో ఉన్నదానికన్నా కాస్త పెద్దదిగా కనిపిస్తే కారణం అదే. మళ్లీ దించుకోవాల్సిందే.

సైజు సరిగ్గానే ఉన్నా విప్పడం కుదరకపోతే జిప్ ఫైళ్లు విప్పే మీ పీకేఅన్‌జిప్ చూడండి. 1.10 వెర్షన్‌కు 1993 నాటి 2.04జీతో చుట్టిన ఫైళ్లు అర్థం కావు.

ఇప్పుడు మోడెమ్, మౌస్ తగిలించే సీరియల్ పోర్టు (కామ్). ఇక్కడే ఎక్కువ మంది ఓడిపోయేది. కామ్1, కామ్3 రెండూ ఐఆర్‌క్యూ 4 (ప్రాసెసర్‌ను పిలిచే గీత) మీదే, కామ్2, కామ్4 ఐఆర్‌క్యూ 3 మీదే. మౌస్ కామ్1లో, లోపలి మోడెమ్ కామ్3లో ఉంటే మౌస్ కదిపినప్పుడల్లా లైను తడబడుతుంది. మోడెమ్ జంపర్లు మార్చి కామ్2కో, కామ్4కో తీసుకెళ్లండి. తర్వాత డాస్‌లో ఎమ్మెస్‌డీ అనే పరీక్షా ప్రోగ్రామ్ నడిపి, పోర్టును నడిపే చిప్ యూఆర్ట్ ఏదో చూడండి. 8250, 16450లలో ఒక్క బైటుకే చోటు, 16550ఏలో 16 బైట్లకు. 19,200 వేగంలో ప్రతి అర మిల్లీసెకనుకు ఒక బైటు దిగుతుంది, డిస్కు తిరుగుతూ విండోస్ ఆ కాస్త ఆలస్యం చేస్తే ఆ బైటు పోయినట్టే. 8250 ఉంటే 9600తో సర్దుకోండి.

ఫైళ్లన్నీ ఒకే డైరెక్టరీలో పెట్టి, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్‌లో పాత్‌కు (డాస్ ప్రోగ్రాముల కోసం వెతికే డైరెక్టరీల జాబితాకు) చేర్చండి. డాస్ కమాండ్ లైను 127 అక్షరాలు దాటదు, పాత్ పొడవైతే చివరిది తెగిపోతుంది. తర్వాత డిస్కంతా విన్‌సాక్ డాట్ డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలు) కోసం వెతకండి. ట్రంపెట్‌ది కాక మరొకటి కనబడితే పేరు మార్చేయండి. విండోస్ డీఎల్ఎల్‌ను ముందు ప్రస్తుత డైరెక్టరీలో, తర్వాత విండోస్, సిస్టమ్ డైరెక్టరీల్లో వెతికి, ఆ తర్వాతే పాత్ దాకా వస్తుంది. ఒకసారి ఎక్కిన డీఎల్ఎల్‌నే మిగతా ప్రోగ్రాములూ వాడుకుంటాయి. ట్రంపెట్‌ను ముందు తెరిస్తే అంతా బాగుంటుంది, నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను ముందు తెరిస్తే పరాయి డీఎల్ఎల్ ఎక్కి కూర్చుంటుంది. నిన్న నడిచింది ఇవాళ నడవదని జుట్టు పీక్కునేది ఇందుకే.

సెటప్‌లో ఇంటర్నల్ స్లిప్ లేదా పీపీపీ (ఫోను లైను మీద టీసీపీ/ఐపీ నడిపే రెండు పద్ధతులు) టిక్ చేయండి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు ఏది ఇస్తే అది. ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో డేటా బైట్లు) 256, దానికి హెడర్ల 40 కలిపి ఎంటీయూ (ప్యాకెట్ మొత్తం) 296, ఆర్‌విన్ (జవాబు కోసం ఆగకుండా అవతలివైపు పంపగలిగే బైట్లు) 1024 చాలు. ఎంటీయూ 1500 పెడితే 14,400 మోడెమ్ మీద ఒక్కో ప్యాకెట్‌కు సెకను దాటుతుంది, పక్కన టెల్నెట్‌లో (దూరపు యంత్రంలో టైపు చేయించే ప్రోగ్రామ్‌లో) కొట్టిన అక్షరం అంతసేపూ క్యూలో నిలబడాలి. హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ (కేబుల్‌లోని విడి తీగలతో ఆగు, సాగు చెప్పుకోవడం) తప్పనిసరి. ఎక్సాన్/ఎక్సాఫ్ పెట్టారంటే డేటాలోని 17, 19 బైట్లను సాగు, ఆగు అనే సైగలుగా తీసుకుని మింగేస్తుంది, స్లిప్ వాటిని కాపాడదు.

డయల్ చేసి పేరు, పాస్‌వర్డ్ పంపే లాగిన్ స్క్రిప్టులో 'లాగిన్' అనే ఇంగ్లిష్ మాట మొదటి అక్షరం వదిలేసి మిగతాది మాత్రమే ఎదురుచూడమనండి, సర్వర్ పెద్ద ఎల్ పంపుతుందో చిన్న ఎల్ పంపుతుందో నమ్మకం లేదు. పాత ఎక్స్ఛేంజీల్లో టోన్ పనిచేయదు, టోన్‌తో డయల్ చేయించే ఏటీడీటీ బదులు పల్స్‌తో చేయించే ఏటీడీపీ రాయాలి.

మన దేశంలో 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు అందులో షెల్ అకౌంట్లూ ఉన్నాయి. వాటిలో అక్షరాలే వచ్చేవి, స్లిప్ ఉండేది కాదు, కాబట్టి ట్రంపెట్ ఉత్తినే కలిసేది కాదు. అవతలి యూనిక్స్‌లో స్లర్ప్ లాంటి ప్రోగ్రామ్‌ను నడపగలిగితేనే ఆ అకౌంట్ స్లిప్ లైనులా నటించేది.

కలిశాక బ్రౌజర్ జోలికి వెంటనే పోవద్దు. ముందు అవతలి యంత్రాన్ని ఐపీ అడ్రసు అంకెలతో పింగ్ చేయండి (ఉన్నావా అని పలకరించండి). జవాబు రాకపోతే తప్పు స్లిప్‌లోనో ఐపీ అడ్రసులోనో ఉంది. అంకెలకు పలికి పేరుకు పలకకపోతే, పేర్లను అంకెలుగా మార్చే నేమ్ సర్వర్ అడ్రసు తప్పు, మిగతావి కదపకుండా ఆ ఒక్క గడి సరిచేయండి.