భూమి అడుగున పుస్తకాలు, అయిదో అంతస్తులో తెనాలి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ వంటా లేదు, షాపింగూ లేదు. మా పెద్దమ్మ కూతురు తెనాలిలో డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్. ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ మీద షికాగో యూనివర్సిటీ లైబ్రరీకి రెండు వారాలు వచ్చింది. షికాగో దగ్గర అరోరాలో మా ఇంట్లోనే ఉంటోంది. "శుక్రవారం నువ్వూ రావే, నేనేం పని చేస్తానో చూద్దువుగాని" అంది. ఇన్నేళ్ళలో అక్క పని గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

పొద్దున్నే రూట్ 59 స్టేషన్లో మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి మిలేనియం స్టేషన్ దాకా నడిచి, ఇంకో రైలెక్కి 59వ వీధికి చేరాం. చలి అప్పుడే మొదలైంది. పులిహోర డబ్బా నా చేతిలో, నోట్‌బుక్కు అక్క చేతిలో. లోపల చదువుకునేవాళ్ళను వీడియో తీయకూడదు కదండీ, అందుకే అక్కడి సంగతులన్నీ మాటల్లోనే చెబుతాను.

1970లో కట్టిన రీగెన్‌స్టైన్ లైబ్రరీ దూరం నుంచి బూడిదరంగు కోటలా కనిపిస్తుంది. దాన్ని ఆనుకునే 2011లో తెరిచిన మాన్సుయెటో లైబ్రరీ ఉంది. హెల్ముట్ యాన్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేశారు. నేల మీద కనిపించేది గాజు గుమ్మటం ఒక్కటే, కోడిగుడ్డును పొడవునా కోసి బోర్లించినట్టు. దాని కింద కూర్చుని పిల్లలు చదువుకుంటున్నారు, పైన మబ్బులు కదులుతున్నాయి. పుస్తకాలు మాత్రం వాళ్ళ కాళ్ళ కింద, 50 అడుగుల లోతు వరకు. 35 లక్షల సంపుటాలు పట్టేంత చోటు ఉందట అక్కడ.

అక్క మొదట అడిగిన మాట "చెమ్మ రాదా?" అని. వానాకాలంలో గోడ చెమ్మెక్కితే ర్యాకులు ముందుకు జరుపుకునే మనిషి మరి. ఉష్ణోగ్రత, గాలిలో తేమ రెండూ ఎప్పుడూ అదుపులోనే ఉంటాయని అక్కడి లైబ్రేరియన్ చెప్పారు. పుస్తకం కావాలని కంప్యూటర్లో నొక్కితే చాలు, కింద క్రేన్ కదులుతుంది. అలాంటివి అయిదున్నాయి. ఆ పుస్తకం ఉన్న ఇనప పెట్టెను పైకి తెస్తే, సిబ్బంది అందులోంచి తీసి కౌంటర్లో పెడతారు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ పెట్టెల్లో పుస్తకాలు సబ్జెక్టు వరుసలో ఉండవు, సైజు వరుసలో ఉంటాయి. పొడుగువి ఒక చోట, పొట్టివి ఒక చోట. ఏది ఎక్కడుందో బార్‌కోడ్‌కే తెలుసు. ఇది వినగానే అక్క ముఖం చిన్నబోయింది. "ఒక పుస్తకం కోసం వెళ్ళి, పక్కనున్నది చూసి తెచ్చుకుంటాం. అసలు చదువంతా అక్కడే ఉందే" అంది. అందుకే ముఖ్యంగా పాత పత్రికల బైండ్లలాంటివి కిందికి పంపుతామని, చేత్తో వెతుక్కునే ర్యాకులు రీగెన్‌స్టైన్లో అలాగే ఉన్నాయని ఆయన చెప్పాక గానీ కుదుటపడలేదు. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు, ఈ క్రేన్లు చేసేదీ అదేనని తర్వాత తనే ఒప్పుకుంది. నాకు మాత్రం అక్క మొదట అన్న మాటే నిజమనిపిస్తోంది.

దక్షిణాసియా పుస్తకాలు రీగెన్‌స్టైన్ అయిదో అంతస్తులో ఉన్నాయి. పుస్తకాలను సబ్జెక్టు వారీగా సర్దడానికి లైబ్రరీల్లో నంబర్లుంటాయి, తెనాలిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఇక్కడ వేరే పద్ధతి, పి.ఎల్. 4780 దగ్గర వెతకాలి. కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, కింద చుక్కలూ పైన గీతలూ పెట్టి రాస్తారు. చుక్క ఉంటే "ళ", లేకపోతే "ల". అక్క గబగబా చదువుకుంటూ పోయింది. నాకైతే కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది.

అక్కడ దొరికింది, 1960ల్లో తెనాలిలోనే అచ్చయిన సన్నటి కథల పుస్తకం. గట్టి గుడ్డ బైండింగ్ వేశారు. లోపల కాగితం టీ మరకలా గోధుమ రంగుకు తిరిగింది. వెల రెండు రూపాయలు. మొదటి పేజీలో పి.ఎల్. 480 అని ముద్ర. ఇది ర్యాకు నంబరు కాదు, పబ్లిక్ లా 480 అనే చట్టం పేరు.

ఆ నంబరు మన పెద్దవాళ్ళకు గోధుమల పేరుగానే తెలుసు. 1954 నాటి ఆ అమెరికా చట్టం కింద మనకు గోధుమలొచ్చాయి, వాటి డబ్బు మనం రూపాయల్లో కట్టాం. 1962 నుంచి ఆ రూపాయల్లో కొంత పెట్టి ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలకు మన భాషల పుస్తకాలు కొన్నారు. అలా మా ఊరి ప్రెస్సులో అచ్చయిన పుస్తకం సముద్రాలు దాటింది. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కిటికీ వెలుతురులో అంచులు ఒక్కొక్కటే చూసింది. నేనేం మాట్లాడలేదు.

మధ్యాహ్నం అక్క మాట్లాడే వంతు వచ్చింది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వైపు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన సంగతి చెప్పింది. బోర్డు మీద కాలువ గీసి, పడవ ఆగిన ఊళ్ళలో జనం ఎలా వచ్చేవాళ్ళో వివరించింది. నెమ్మదైన ఇంగ్లిషే, కానీ గదిలో ఒక్కరూ కదల్లేదు. క్రేన్లు నడిపే అమ్మాయి అయితే పడవకు ఎన్ని పుస్తకాలు పట్టేవి, తడవకుండా ఏం చేసేవాళ్ళు అని అడుగుతూనే ఉంది. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టైంది. కొల్లిపర మా అమ్మమ్మగారి ఊరండీ.

రాత్రి పదిన్నరకు, అంటే అక్కడ ఉదయం తొమ్మిదికి, అక్క కాలేజీకి ఫోన్ చేసి ఆ కథల పుస్తకం బీరువాలో వెతకమని అటెండరుకు చెప్పింది. ఉందట! కానీ చివరి కథ చెదలు తినేశాయి. "పేజీలు లెక్కపెట్టి చెప్పు బాబూ" అంది. పదకొండు.

పోయిన పేజీలకు నకళ్ళు ఇచ్చిపుచ్చుకోవడం లైబ్రరీల మధ్య ఉన్నదే. సోమవారం అక్క అడిగింది, బుధవారానికి స్కాన్లు వచ్చేశాయి. ఆమ్లం లేని కాగితం కొని ఇంట్లోనే ప్రింటు తీశాం. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, సూట్‌కేసులో చీరల కింద సర్దింది. తెనాలిలో బైండింగ్ చేసే తాతగారికి ఇప్పటికే కబురు వెళ్ళింది.