కింద ఏ నేల ఉంది?

శ్రోతలందరికీ నమస్కారం.

ఈరోజు పరుగు గురించి మాట్లాడతాను. రోడ్డు మీద పరుగు కాదు, పార్కు చుట్టూ తిరిగే పరుగూ కాదు. కొండలెక్కుతూ దిగుతూ, అడవుల్లోంచి, పొలాల గట్ల వెంట సాగే పరుగు. ట్రైల్ రన్నింగ్ అంటారు దీన్ని. ఇంగ్లండ్‌లో దీనికి మంచి చోట్లు చాలా ఉన్నాయి. అన్నీ చెప్పేంత టైమ్ లేదు కాబట్టి నాకు ప్రాణమైన ఒక్క దారి గురించే చెబుతాను. లండన్‌కు దక్షిణాన సర్రే హిల్స్‌లో, బాక్స్ హిల్ నుంచి లీత్ హిల్ దాకా వెళ్లే దారి.

ఈ దారి గురించి ఎవరికి చెప్పినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని కిలోమీటర్లు? ఎత్తెంత? దూరం పది కిలోమీటర్ల పైనే. ఎత్తు సంగతి దారిలో చెబుతాను. నేను మాత్రం బయల్దేరే ముందు ఇంకో ప్రశ్న వేసుకుంటాను. కింద ఏ నేల ఉంది? ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ముందు చట్టం గురించి ఒక్క నిమిషం. ఇంగ్లండ్‌లో పొలం ఎవరిదైనా, దాని మీదుగా పాతకాలం నుంచి జనం నడిచే బాట ఉంటే ఆ బాట అందరిదీ. 1949లో వచ్చిన చట్టం ప్రకారం అలాంటి బాటలను మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. దారిలో గేట్ల మీద, కొయ్య స్తంభాల మీద చిన్న బాణం గుర్తులు కనిపిస్తాయి. పసుపు బాణం ఉంటే మనుషులు నడిచే దారి. నీలం బాణం ఉంటే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి. ఒకరి పొలంలోంచి ఇంకొకరి తోటలోకి, అక్కడి నుంచి అడవిలోకి పరుగెత్తుకుంటూ పోతున్నా ఎవరూ ఆపరు. తెరిచిన గేటు మళ్లీ మూస్తే చాలు. నాకు ఈ దేశంలో నచ్చినవాటిలో ఇదొకటి.

ఇక దారిలోకి వెళ్దాం. లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్. దిగి కాస్త నడిస్తే మోల్ నది. నది అంటే పెద్దదేమీ కాదు, వాగులా ఉంటుంది. దాన్ని దాటడానికి నీళ్లలో 17 రాళ్లు పాతి ఉన్నాయి. ఒక్కో రాయి మీద అడుగేసుకుంటూ దాటాలి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు దిగితే ఇటుగా రాకుండా ఉండాలని పాత రాళ్లను తీసేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ వేస్తే, ప్రధాని క్లెమెంట్ అట్లీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. దేశం అంతా అప్పుల్లో, రేషన్‌లో ఉన్న రోజులవి. అలాంటి రోజుల్లో వాగు దాటే రాళ్ల కోసం ప్రధానమంత్రి రావడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. వానలు ఎక్కువైతే ఈ రాళ్లు మునిగిపోతాయి. అప్పుడు దగ్గర్లోనే ఉన్న కాలి వంతెన మీదుగా వెళ్లాలి.

రాళ్లు దాటగానే ఎక్కుడు మొదలు. 275 మెట్లు. కింద ఏ నేల ఉంది? సుద్ద. కొండంతా తెల్లటి సుద్దరాయి. కోట్ల ఏళ్ల కిందట ఇదంతా సముద్రం అడుగు. అందులోని అతి సూక్ష్మమైన జీవుల గుల్లలు పేరుకుని పేరుకుని ఈ సుద్ద అయింది. సుద్ద తనలోంచి నీటిని కిందికి వదిలేస్తుంది. ఎండాకాలంలో మోల్ నది నీళ్లు కూడా ఈ చుట్టుపక్కలే సుద్దలో ఉన్న బొరియల్లోకి ఇంకిపోతుంటాయి. అలాగైతే దారి ఎప్పుడూ పొడిగా ఉండాలి కదా అనుకుంటాం. ఉండదు. జనం తొక్కి తొక్కి నున్నబడిన చోట, వాన పడ్డాక పైన పల్చటి తెల్లటి పొర ఒకటి తేలుతుంది. దాని మీద కాలు పెడితే పాచి పట్టిన బావిగట్టు మీద పెట్టినట్టే. ఎక్కేటప్పుడు ఎలాగో నెట్టుకురావచ్చు. దిగేటప్పుడే ప్రమాదం. పైగా బీచ్ చెట్ల వేళ్లు దారికి అడ్డంగా పాకి ఉంటాయి. సుద్దలో ఇరుక్కున్న చెకుముకి రాళ్ల అంచులు కోసుగా ఉంటాయి.

పైకి చేరాక మాత్రం ఆ కష్టమంతా మరిచిపోతాం. 1914లో లియోపోల్డ్ సాలమన్స్ అనే ఆయన ఈ కొండను కొని ప్రజలకు రాసిచ్చేశారు. ఆయన పేరు మీదున్న రాతి గట్టు దగ్గర నిలబడితే దక్షిణాన అడవీ పొలాలూ కలిసి మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి. దూరంగా, నైరుతి వైపు, మనం చేరాల్సిన లీత్ హిల్.

డోర్కింగ్ అనే ఊరి వైపు దిగాక సుద్ద అయిపోతుంది. కింద ఏ నేల ఉంది? కొండ కింద సన్నటి పట్టీలా బంకమట్టి. అది నీళ్లను వదలదు. పశువులు నిలబడే గేట్ల దగ్గర శీతాకాలమంతా మడమ లోతు బురదే. షూ అడుగున మట్టి అంటుకుని కాలు బరువెక్కుతుంది. ఇక్కడ పరుగు అనుకోవద్దు, నడవండి. ఊరు దాటేసరికి ఇదీ అయిపోతుంది.

డోర్కింగ్ పశ్చిమాన నవర్ అనే గుట్ట ఉంది. అక్కడి నుంచి గ్రీన్‌శాండ్ వే అనే దారి పడుతుంది. హేజిల్‌మియర్‌లో మొదలై కెంట్‌లోని హామ్‌స్ట్రీట్ వరకు 174 కిలోమీటర్లు సాగే పెద్ద దారిలో ఇదొక ముక్క. ఇప్పుడు కింద ఏ నేల ఉంది? ఇసుక. ఇసుకరాయి. పేరులో గ్రీన్ ఉన్నా కళ్లకు కనిపించేది ఇటుక రంగు. అందులోని ఆకుపచ్చ ఖనిజం గాలి తగిలి తుప్పు రంగుకు తిరుగుతుంది. ఈ ఇసుక మీద ఎంత వాన పడినా గంటల్లో ఇంకిపోతుంది. కాలు మెత్తగా దిగుతుంది, జారదు. మోకాళ్లకు కూడా హాయి.

చెట్లు చూసినా నేల తెలిసిపోతుంది. బీచ్, యూ, కొండకు పేరిచ్చిన బాక్స్ చెట్లు కనిపిస్తే సుద్ద. ఓక్ చెట్లు బాగా బలిసి ఉంటే బంకమట్టి కావచ్చు. పైన్ చెట్లు, బిర్చ్ చెట్లు, నేలంతా ఊదారంగు హెదర్ పొదలు మొదలయ్యాయంటే ఇసుక వచ్చేసింది. కొన్నాళ్లు పరుగెత్తితే ఈ గుర్తులు కళ్లకు అలవాటైపోతాయి. నాకైతే పైన్ వాసన తగలగానే తెలియకుండానే అడుగు పెద్దదవుతుంది.

ఈ దారి టిలింగ్‌బోర్న్ అనే చిన్న ఏరు పుట్టే లోయలోంచి పైకి వెళ్తుంది. డ్యూక్స్ వారెన్ అనే హెదర్ మైదానం దాటాక చివరి ఎక్కుడు. లీత్ హిల్ ఎత్తు 294 మీటర్లు, అంటే 965 అడుగులు. పైన గట్టి రాతి పొర కప్పి ఉండటం వల్ల చుట్టూ ఉన్నవి అరిగిపోయినా ఇది నిలిచింది. దీని మీద 1765లో రిచర్డ్ హల్ అనే ఆయన ఒక బురుజు కట్టించారు. బురుజుతో కలిపితే ఎత్తు వెయ్యి అడుగులు దాటుతుంది. చనిపోయాక ఆయన్ని ఆ బురుజు కిందే పాతిపెట్టారు. మబ్బు లేని రోజున పైనుంచి ఉత్తరాన లండన్ మేడలు, దక్షిణాన కొండల సందులోంచి సముద్రం, రెండూ కనిపిస్తాయి.

కొండకు దక్షిణం వైపున్న లీత్ హిల్ ప్లేస్ అనే ఇంట్లో చార్లెస్ డార్విన్ అక్క కరోలైన్ ఉండేవారు. డార్విన్ అక్కడికి వచ్చినప్పుడు వానపాములు మట్టిని ఎలా తిరగేస్తాయో గమనిస్తూ గడిపేవారట. అంతటి మనిషి ఈ కొండ కిందే వంగి మట్టిని చూస్తూ కూర్చున్నారంటే నాకు చెప్పలేనంత సంతోషం.

ఇక అసలు పనికొచ్చే మాట. చాలామంది ఒకే దారిని ఏడాది పొడవునా పట్టుకుని, శీతాకాలంలో జారి పడి, ట్రైల్ రన్నింగ్ మనకు సరిపడదని మానేస్తుంటారు. దారిని కాలం చూసి మార్చుకోండి. మే నుంచి సెప్టెంబర్ దాకా, నాలుగు రోజులు వాన లేకపోతే, బాక్స్ హిల్ సుద్ద హాయిగా ఉంటుంది. నేను చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. నవంబర్ నుంచి మార్చి దాకా సుద్దనూ బంకమట్టినీ వదిలేయండి. డోర్కింగ్‌లో రైలు దిగి, నేరుగా నవర్ గుట్ట మీదుగా ఇసుక పట్టుకుని లీత్ హిల్ వెళ్లి, అదే దారిన వెనక్కి రండి. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో అడవి నేలంతా బ్లూబెల్ పూలు పరుచుకుంటాయి. అప్పుడు ఎంత ముచ్చటేసినా ఫోటో కోసం బాట దిగకండి. ఒకసారి తొక్కితే ఆ మొక్కలు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

షూ అడుగున లోతైన పళ్లుండాలి. రోడ్డు షూ వద్దు. సుద్ద మీద దిగాల్సి వస్తే అడుగు చిన్నది చేసి, మోకాలు కాస్త వంచి, కళ్లు నాలుగడుగుల ముందుంచండి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 146వ నంబర్ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో ఈ దారంతా ఉంది. అడవిలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి కాగితం మ్యాప్ జేబులో పెట్టుకోండి. డిసెంబర్‌లో నాలుగింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. రెండు గంటలకు మీరు బురుజు దగ్గర లేకపోతే, అది ఎంత దగ్గర్లో కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగండి. తలకు కట్టుకునే టార్చ్ ఒకటి సంచిలో ఉండాలి.

నమస్కారం.