లక్ష చుక్కల్లో ఒక చుక్కని పట్టుకోవడం

హోస్ట్: అక్కా, రికార్డింగ్ ఆన్‌లోనే ఉంది, ఇందాక టీ తాగుతూ అన్నావు చూడు, గ్రాఫ్ గీయడం ఈజీ అని, అదే, చుక్కలూ వాటిని కలిపే గీతలూ, మా టూల్‌లో 5 వేల నోడ్స్‌కే, అంటే చుక్కలకే, బ్రౌజర్ ట్యాబ్ పడుకుంటోంది మరి!

గెస్ట్: గీసేది ఎస్వీజీలోనా, బ్రౌజర్ ఒక్కో ఆకారాన్నీ విడిగా గుర్తుపెట్టుకునే పద్ధతిలో?

హోస్ట్: ఆ, డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో.

గెస్ట్: పాపం డీ3ది తప్పేం లేదు. ఎస్వీజీలో ఒక్కో చుక్కా ఒక్కో గీతా డామ్‌లో, అంటే బ్రౌజర్ దాచుకునే పేజీ చెట్టులో, ఒక్కో ఎలిమెంట్, సెకనుకి 60 ఫ్రేములంటే ఫ్రేముకి 16 మిల్లీసెకన్ల చిల్లర, ఆ కాస్త టైంలో అన్నిటినీ జరపాలంటే దాని వల్ల ఎక్కడవుతుంది. అదే గ్రాఫిక్స్ చిప్పుతో గీయించే వెబ్‌జీఎల్ అనుకో, లక్ష నోడ్స్ ఎక్స్, వై కలిపి ఒక్క ఫ్లోట్32 ఆర్రే, అంటే నంబరుకి 4 బైట్ల వరస, మొత్తం 8 లక్షల బైట్లు, ఫోన్‌లో తీసిన ఫొటో కూడా అంతకంటే పెద్దదే ఉంటుంది.

హోస్ట్: లేఅవుట్, అదే ఏ చుక్క ఎక్కడుండాలో తేల్చడం, దాని సంగతో?

గెస్ట్: ప్రతి నోడూ మిగతా అన్నిటినీ తోస్తుంది కదా, లక్షకి దాదాపు 500 కోట్ల జతలు, అదీ ఒక్క స్టెప్పుకి. అందుకే బార్న్స్-హట్, 1986లో ఆస్ట్రానమీ వాళ్ళు పట్టుకున్న కిటుకు, దూరంగా ఉన్న గుంపునంతా ఒకే చుక్క కింద లెక్కేసుకోవడం. నక్షత్రాలు లాక్కుంటాయి, మన నోడ్స్ తోసుకుంటాయి, అంతే తేడా. నీ డీ3 లోపలా అదే ఉంది. ఆ లెక్కని వెబ్ వర్కర్‌లో, అంటే పేజీకి పక్కన వేరుగా నడిచే స్క్రిప్టులో, పడేస్తే మౌస్ అయితే ఆగిపోదు.

హోస్ట్: సరే, ఎడిటింగ్?

గెస్ట్: (నవ్వు) నా జుట్టు ఊడింది అక్కడే. ఎస్వీజీలో దేన్ని క్లిక్ చేశారో బ్రౌజరే చెప్తుంది, వెబ్‌జీఎల్‌లో అంతా ఒకటే కాన్వాస్, చేతికొచ్చేది పిక్సెల్. అందుకని ఎవరికీ కనపడకుండా ఇంకో బొమ్మ గీస్తాం, అందులో ప్రతి నోడుకీ దాని నంబరే రంగు, క్లిక్ చేసిన చోట రంగు చదివితే నంబర్ దొరుకుతుంది, రంగుకి 24 బిట్లు, అంటే దాదాపు 1.68 కోట్ల నంబర్లు.

హోస్ట్: భలే ఉందే!

గెస్ట్: నేనూ అలాగే మురిసిపోయా. ఒకరోజు ఒక నోడు డిలీట్ కొడితే ఎక్కడో మూలనున్న ఇంకోటి పోయింది. యాంటీ-ఏలియాసింగ్, అదే అంచుల్ని నునుపు చేసేది, ఆపలేదు నేను, అంచు దగ్గర రెండు రంగులు కలిసి మూడో రంగైంది, ఆ మూడో రంగు ఇంకెవరిదో నంబర్!

హోస్ట్: అమ్మో. అన్‌డూ కొట్టావా?

గెస్ట్: కొట్టా, నోడు వచ్చింది, దాని గీతలు రాలేదు. ఆ విషయంలో, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ ‘ఐడీ’ అనే మ్యాప్ ఎడిటర్ నాకిష్టం, వీధులంటే అవీ నోడ్సూ గీతలే కదా, వాళ్ళు పాత గ్రాఫ్‌ని అసలు ముట్టుకోరు, ప్రతి మార్పుకీ కొత్త గ్రాఫ్, మారనివి మాత్రం రెండిటికీ ఉమ్మడి, అన్‌డూ అంటే వెనకటి గ్రాఫ్‌కి పోవడమే.

హోస్ట్: అది వెబ్‌జీఎలేనా?

గెస్ట్: ఎస్వీజీ!

హోస్ట్: ఆఁ?

గెస్ట్: బాగా జూమ్ చేస్తేగానీ ఎడిట్ చేయనివ్వదు, స్క్రీన్ మీద పట్టినంతే గీస్తుంది. మీవాళ్ళకి మొత్తం ఒకేసారి కనపడాలా?

హోస్ట్: మా మేనేజర్‌కి డెమోలో కావాలంట.

గెస్ట్: డెమోలో ఎడిట్ చేస్తాడా?

హోస్ట్: …లేదు.

గెస్ట్: అయితే ఆయనకి ఒక ఇమేజ్ పెట్టెయ్ రా.