మాటలు నాటకానివే, నిషేధం సినిమాకు

మిత్రులారా,

నాటకకర్త ఇయోన్ లూకా కరజాలె పేరు తెలియని బడిపిల్లలు రుమేనియాలో ఉండరు. ఆయన 1885లో రాసిన ప్రహసనం ‘డాలె కర్నవాలులుయి’ని లుచియాన్ పింటిలియె సినిమాగా తీశాడు. పేరు ‘గంటలెందుకు మోగుతున్నాయి, మితికా?’. 1981లో తయారైన ఆ సినిమా రుమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కూలేదాకా జనం ముందుకు రాలేదు. 1990లో విడుదలైంది.

కథ ఒక మంగలి షాపులో మొదలవుతుంది. షాపు యజమాని నాయెకు ఇద్దరు ప్రియురాళ్లు, మీత్సా, దిదీనా. ఇద్దరికీ వేరే మగవాళ్లున్నారు. మీత్సా నాయెకు రాసిన ఉత్తరం, గడ్డం గీయించుకోవడానికి షాపువాళ్లిచ్చే పాసు దిదీనా మనిషి పంపోన్ చేతిలో పడతాయి. కథను నడిపేది ఆ రెండు కాగితాలే. రెండో అంకంలో మారువేషాల సభ. ఎవరెవరిని తరుముతున్నారో వాళ్లకే తెలియదు. మీత్సా ఆసిడ్ అనుకున్న సీసాలో తీరా చూస్తే ఉన్నది సిరా. ఇంత చేసిన నాయెకు ఏ శిక్షా పడదు. అందరికీ సర్దిచెప్పి విందుకు కూర్చోబెడతాడు. ఆ రోజుల్లో మొదటి ప్రదర్శనలోనే ప్రేక్షకులు ఈల వేసి గోల చేశారు, నీతి లేదన్నారు. విమర్శకుడు తితు మయోరెస్కు కరజాలె పక్షాన నిలబడ్డాడు.

మరి వందేళ్ల నాటి నవ్వుకు ప్రభుత్వం ఎందుకు జడిసింది? సెన్సారుకు చేతనయింది మాటను కొట్టేయడం. ఇక్కడ మాటలు చాలావరకు పాఠ్యపుస్తకాల రచయితవి, కొట్టేస్తే కరజాలెనే కొట్టేసినట్టు. పింటిలియె చేసిందంతా ఆ మాటల చుట్టూ ఉంది. ఊరి చివరి బురద, ఇరుకు గదులు, ఒకరి మీద ఒకరు పడి అరిచే మనుషులు. రంగస్థలం మీద అంకానికి అంకానికి మధ్య తెర పడుతుంది, నవ్వినవాడు తేరుకుంటాడు. సినిమాలో ఆ వెసులుబాటు లేదు. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే: చూసేవాడికి పాతకాలపు బుకారెస్టు కాకుండా తన వీధే కనిపిస్తుంది. మితికా ఈ నాటకంలోని పాత్ర కాదు, కరజాలె చిన్న కథల్లోని వాగుడుకాయ. అతన్ని తెచ్చి చేర్చడంతో మంగలి షాపు గొడవ ఊరందరిదీ అయింది.

అధికారులకు పింటిలియె కొత్త కాదు. ఆయన అంతకుముందు తీసిన ‘రెకొన్‌స్టిటుయిరెయా’ సినిమాను 1970లో థియేటర్ల నుంచి తీసేశారు. 1972లో బుకారెస్టులోని బులాంద్రా థియేటర్‌లో ఆయన వేయించిన రష్యన్ రచయిత గొగోల్ నాటకం ‘ఇన్‌స్పెక్టర్’ను మూడు ప్రదర్శనలకే ఆపేశారు. తర్వాత ఎక్కువకాలం ఫ్రాన్స్, అమెరికాల్లోనే నాటకాలు చేయించాడు.

చూడబోయేవాళ్లు ముందు నాటకం చదవండి. సబ్‌టైటిళ్లతో చూస్తే ఈ మనుషులు వచ్చీరాని ఫ్రెంచి ముక్కలతో చేసే పటాటోపం సగం జారిపోతుంది. పంపోన్‌గా విక్టర్ రెబెంజూక్, మీత్సాగా మరియానా మిహుత్స్ నటించారు. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు వెనకాల ఎవరేం చేస్తున్నారో కూడా గమనించండి.