పెన్రిత్ నారుమడి

శ్రోతలకు నమస్కారం.

ఐపీఎల్ వేలం జరిగే రోజు మన ఇళ్ళల్లో హడావిడి మీకు తెలిసిందే. ఎవరికి ఎన్ని కోట్లు పలికాయి, ఏ జట్టు ఎవరిని ఎగరేసుకుపోయింది, మనవాళ్ళు మళ్ళీ ఈ బౌలర్నే ఎందుకు కొన్నారు... ఆ చర్చ రాత్రి భోజనాల దాకా సాగుతుంది. అసలు వేలమే లేని చోట జట్టు కట్టడం ఎలా? చేతిలో డబ్బున్నా ఖర్చుపెట్టనివ్వరు. పైగా కట్టిన జట్టు గెలిచిందా, గెలిచిన పాపానికే చెదిరిపోతుంది. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ క్లబ్బుల పరిస్థితి ఇదే. ఈ పూట ఆ కథ చెప్పుకుందాం.

రగ్బీలో రెండు రకాలున్నాయని, ఆ రెండూ వేరు వేరు ఆటలని నాకు చాలాకాలం తెలియదు. మా మేనల్లుడు సిడ్నీ పడమటి వైపు బ్లాక్‌టౌన్‌లో కాపురం పెట్టాక, వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీవీలో మొదటిసారి చూశాను. "ఒరే, ఇది కబడ్డీకి పెద్దన్నయ్యలా ఉందే" అన్నాను. "నువ్వన్నదే నిజం మావయ్యా, కాకపోతే వీళ్ళకి బంతి ఉంటుంది" అన్నాడు వాడు.

జట్టుకి పదమూడు మంది. బంతి ఉన్నవాడు ముందుకు ఉరుకుతాడు. అవతలివాళ్ళు ఇద్దరో ముగ్గురో మీదపడి పట్టేస్తారు. కబడ్డీలో పట్టుబడ్డవాడు బయటికి పోతాడు. ఇక్కడ లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ ఆట సాగిస్తాడు. చేతులతో బంతి అందించాలంటే వెనక్కే అందించాలి, ముందుకి విసరకూడదు. ఆరుసార్లు పట్టుబడేలోపు అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే అది ట్రై, నాలుగు పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్యనుంచి బంతిని తంతే ఇంకో రెండు. ఆరు పట్టుల్లోనూ ట్రై రాకపోతే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలి. ఎనభై నిమిషాలు ఇదే గుద్దులాట.

ఈ ఆట పుట్టిందే జీతం గొడవలో. పంతొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవాళ్ళలో చాలామంది గని కార్మికులు, మిల్లు కూలీలు. శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ పోయిన కూలి మేమిస్తాం అన్నాయి ఉత్తరాది క్లబ్బులు. ఆట ఆడి డబ్బు పుచ్చుకోవడం మర్యాద కాదన్నారు పెత్తనం చేసే దక్షిణాది పెద్దమనుషులు. కడుపు నిండినవాళ్ళకి మర్యాదలు ఎన్నయినా చెల్లుతాయి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. అదే రగ్బీ లీగ్. 1908 నాటికి సిడ్నీలో కూడా పోటీలు మొదలయ్యాయి.

మరి డబ్బు కోసం విడిపోయిన ఆట, ఇవాళ డబ్బుకే గట్టిగా కళ్ళెం వేసింది. ఆస్ట్రేలియా జాతీయ పోటీలో, అంటే ఎన్ఆర్ఎల్‌లో, ప్రతి క్లబ్బుకీ జీతాల మీద పరిమితి ఉంది. శాలరీ క్యాప్ అంటారు. 2023లో ముప్ఫై మంది ప్రధాన ఆటగాళ్ళకి కలిపి దాదాపు 1.21 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. యజమాని కోటీశ్వరుడైనా సరే, అంతకు మించి ఇవ్వకూడదు.

కొత్త ఆటగాళ్ళని జట్లకి వంతులవారీగా పంచే పద్ధతి ఒకటి 1990 ప్రాంతంలో పెట్టి చూశారు. మేం ఎక్కడ పనిచేయాలో మీరెలా నిర్ణయిస్తారని ఆటగాళ్ళు కోర్టుకెక్కి 1991లో గెలిచారు. కాబట్టి అక్కడ వేలం లేదు, పంపకం లేదు. ఆటగాడు తన ఇష్టం వచ్చిన క్లబ్బుతో కాంట్రాక్టు రాసుకుంటాడు.

చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు మొదట్లో తక్కువ జీతానికే ఆడతాడు. జట్టు ట్రోఫీ గెలిచిందంటే మర్నాటికి వాడి ధర రెండింతలు. వాడొక్కడిదే కాదు, పక్కవాడిదీ, ఆ పక్కవాడిదీ పెరుగుతుంది. పరిమితి మాత్రం అంతలా పెరగదు. అందరినీ ఉంచుకోవడం లెక్క ప్రకారమే కుదరదు. బాగా ఆడటం నేర్పిన క్లబ్బే, బాగా ఆడుతున్నందుకు వాళ్ళని పోగొట్టుకోవాలి.

ఇంకో విచిత్రం ఉంది. వచ్చే ఏడాదితో కాంట్రాక్టు ముగిసేవాడు ఈ ఏడాది నవంబర్ 1 నుంచే వేరే క్లబ్బుతో బేరమాడి సంతకం పెట్టేయచ్చు. ఆ తర్వాత ఏడాదంతా పాత క్లబ్బులోనే ఆడతాడు! నిశ్చితార్థం ఒకచోట, కాపురం ఇంకోచోట అన్నమాట. అభిమానులకి ఇది టెన్షనే. మొదట్లో నాకైతే ఒళ్ళు మండింది. వెళ్ళిపోయేవాడు మనసు పెట్టి ఆడతాడా అనిపించింది. ఆడతారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ పరిమితిని దొంగచాటుగా దాటినవాళ్ళూ ఉన్నారు. మెల్‌బోర్న్ స్టార్మ్ అనే క్లబ్బు 2007లో, 2009లో ఛాంపియన్ అయింది. లెక్కల్లో చూపించే జీతాలు కొన్ని, లోపాయికారీగా ఇచ్చేవి కొన్ని అని 2010లో బయటపడింది. ఆ రెండు టైటిళ్ళూ లాగేసుకున్నారు. ఆ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా ఒక్క పాయింటు కూడా ఇవ్వమన్నారు. గెలిచినా సున్నాయే అని తెలిసి వారం వారం మైదానంలోకి దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. గ్రెగ్ ఇంగ్లిస్ లాంటి స్టార్ ఆటగాణ్ణి వదులుకోవాల్సి వచ్చింది. అయినా 2012లో వాళ్ళు మళ్ళీ గెలిచారు, ఈసారి సక్రమంగానే. కోచ్ క్రెయిగ్ బెలమీ 2003 నుంచీ అక్కడే ఉన్నాడు. కామెరాన్ స్మిత్, బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్ అనే ముగ్గుర్ని మాత్రం వదలకుండా పట్టుకుని, మిగతా చోట్ల ఎవరికీ పట్టని ఆటగాళ్ళని తెచ్చి తీర్చిదిద్దాడు. మెల్‌బోర్న్ తప్పు చేసింది నిజం. కానీ కూలిపోయిన తర్వాత లేచిన తీరు మాత్రం చూడదగ్గది.

ఇక అసలు కథ పెన్రిత్.

సిడ్నీ నడిబొడ్డు నుంచి పడమటికి యాభై కిలోమీటర్ల పైచిలుకు వెళితే, బ్లూ మౌంటెన్స్ కొండల మొదట్లో ఉంటుంది పెన్రిత్. సముద్రం, బీచ్, ఒపేరా హౌస్ ఉన్న సిడ్నీ కాదు. పనివాళ్ళు, వలసవాళ్ళు ఉండే సిడ్నీ. ఈ పడమటి వైపే మన తెలుగువాళ్ళు కూడా ఎక్కువ. పెన్రిత్ పాంథర్స్ 1967లో పోటీలోకి వచ్చింది. మొదటి టైటిల్ 1991లో, రెండోది 2003లో. అంతే. 2011లో ఫిల్ గూల్డ్ జనరల్ మేనేజర్‌గా వచ్చేసరికి క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో ఉంది. 1991లో అదే క్లబ్బుకి కోచ్‌గా మొదటి టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకో సామెత. ఎక్కడివాళ్ళకైనా ఆ జబ్బు ఉన్నట్టుంది. ఆ చుట్టుపక్కల రగ్బీ లీగ్ ఆడే పిల్లలు వేలల్లో ఉన్నారు. గూల్డ్ చేసిందల్లా పెరట్లోకి చూడటం. పేరున్నవాళ్ళని కొనే డబ్బు తగ్గించి స్థానిక పిల్లల మీద పెట్టాడు. అకాడమీ కట్టించాడు. ఫలితం ఐదేళ్ళలో వస్తుందన్నాడు. జనం నవ్వారు. ఐదేళ్ళయినా రాలేదు, ఇంకా నవ్వారు.

మౌంట్ డ్రూట్ అనే పేట ఒకటుంది. సిడ్నీలో ఆ పేరు చెబితే కొందరు మొహం చిట్లిస్తారు. సమోవా, టోంగా దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉంటాయక్కడ. జరోమ్ లువాయ్, బ్రయన్ టో, స్టీఫెన్ క్రైటన్, స్పెన్సర్ లెనియూ ఆ పేట పిల్లలే. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్ళు ఒకే జట్టులో తేలారు. ఇలాంటి స్నేహాన్ని ఏ క్లబ్బూ డబ్బు పెట్టి కొనలేదు. క్యాప్ లెక్కల్లో దానికి ధరే లేదు.

కోచ్ సంగతి వింటే మన టీవీ సీరియల్ గుర్తొస్తుంది. ఐవన్ క్లియరీని 2012లో కోచ్‌గా పెట్టుకుని, 2015 చివర్లో తీసేశారు. తీసేసింది గూల్డే. ఆ మరుసటి ఏడాదే ఐవన్ కొడుకు నేథన్, పద్దెనిమిదేళ్ళవాడు, అదే క్లబ్బులో హాఫ్‌బ్యాక్‌గా తొలి మ్యాచ్ ఆడాడు. హాఫ్‌బ్యాక్ అంటే జట్టుకి బుర్ర, ఎటు ఆడాలో చెప్పేవాడు. తండ్రి వేరే క్లబ్బుకి కోచ్ అయ్యాడు. 2019లో తిరిగొచ్చి కొడుక్కి కోచ్‌గా కుదిరాడు. ఆ ఏడాదే గూల్డ్ వెళ్ళిపోయాడు. జట్టు పదో స్థానంలో నిలిచింది.

2020లో వరసగా పదిహేడు మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కి వచ్చి మెల్‌బోర్న్ చేతిలో 26–20తో ఓడారు. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు. 1956 నుంచి 1966 దాకా పదకొండేళ్ళు ఏలిన సెయింట్ జార్జ్ తర్వాత మళ్ళీ నాలుగు వరసపెట్టి గెలిచినవాళ్ళు లేరు. సెయింట్ జార్జ్ కాలంలో క్యాప్ లేదు, అది గుర్తుంచుకోవాలి.

ఈ నాలుగేళ్ళలో వెళ్ళిపోయినవాళ్ళ సంగతి వినండి. మాట్ బర్టన్ 2021 సీజన్ మొదలవకముందే బుల్‌డాగ్స్ క్లబ్బుకి సంతకం పెట్టేశాడు. ఆ ఏడాది ఫైనల్లో పెన్రిత్‌కి ట్రై కొట్టి, 14–12తో గెలిపించి మరీ వెళ్ళాడు. 2022 గెలుపు తర్వాత వీలియామీ కికావు, ఆపి కొరొయిసావు వెళ్ళిపోయారు. 2023 ఫైనల్లో బ్రిస్బేన్ మీద 24–8తో వెనకబడి, ఆఖరి ఇరవై నిమిషాల్లో మూడు ట్రైలు కొట్టి 26–24తో గెలిచారు. ఆ మూడింటిలో ఒకటి క్రైటన్‌ది. అతనూ ఆ మ్యాచ్‌తోనే వీడ్కోలు చెప్పాడు, లెనియూ కూడా. లువాయ్ వెస్ట్స్ టైగర్స్‌కి ముందే మాట ఇచ్చేసి, 2024 టైటిల్ అందుకుని వెళ్ళాడు. జేమ్స్ ఫిషర్ హారిస్ న్యూజిలాండ్ వారియర్స్‌కి వెళ్ళాడు. సహాయ కోచ్‌లనూ వదల్లేదు. ఆండ్రూ వెబ్‌స్టర్ వారియర్స్‌కి, కామెరాన్ సిరాల్డో బుల్‌డాగ్స్‌కి హెడ్ కోచ్‌లుగా వెళ్ళారు.

ఇంతమంది పోతే ఏ జట్టయినా కుప్పకూలాలి. ఎందుకు కూలలేదు?

వరి పండించే ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొలంలో పంట ఎంత బాగున్నా కోసేయాల్సిందే. రైతు ధీమా కళ్ళెదుటి పంట కాదు, నారుమడి. పెన్రిత్‌లో పెద్ద జట్టు కింద వయసుల వారీగా జట్లున్నాయి. కింది జట్టులో ఆడిన కుర్రాడు పై జట్టులోకి వస్తే ఆట తీరు కొత్తగా అనిపించదు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎన్నో పట్టుకి ఎటు కదలాలి అన్నది అన్ని మెట్ల మీదా ఒకటే పాఠం. 2022లో పెద్ద టైటిల్‌తో పాటు రిజర్వ్ జట్టు, ఇరవై ఒక్క ఏళ్ళలోపు జట్టు, ఆ కిందిది కూడా ఛాంపియన్లయ్యాయి. నాలుగు మడులూ ఒకే ఏడాది పండాయి. నేథన్ క్లియరీ, ఐజయా యో లాంటి నలుగురైదుగురికి మాత్రం పెద్ద జీతాలిచ్చి కదలనివ్వలేదు. మిగతా చోట్లకి మనిషి పోతాడని ఏడాది ముందే తెలుసు కాబట్టి, ఆ ఏడాదంతా వాడి పక్కనే ఇంకొకణ్ణి తయారుచేశారు. నాకు ఒళ్ళు మండించిన నవంబర్ 1 రూలు వీళ్ళకి క్యాలెండర్‌లా పనికొచ్చింది.

ఒక మాట దాచకూడదు. ఈ నారుమడికి నీళ్ళు ఎక్కడివి? న్యూ సౌత్ వేల్స్‌లో 1956 నుంచీ సభ్యుల క్లబ్బుల్లో పోకర్ మెషీన్లు, అంటే జూదం యంత్రాలు చట్టబద్ధం. పెన్రిత్‌కి వెనక ఉన్న క్లబ్బుల గుంపు చాలా పెద్దది. పడమటి సిడ్నీ పేదవాడు రాత్రి యంత్రంలో పోగొట్టుకున్న డబ్బులో కొంత, వాడి కొడుకు ఆడే మైదానానికి పచ్చగడ్డి అవుతుంది. ఇది అక్కడ అందరికీ తెలిసిందే. ఆటని మెచ్చుకుంటూనే ఉంటాను, కానీ ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

2025లో చివరికి నారు సరిపోలేదు అనుకున్నారు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి నాలుగేళ్ళ ఛాంపియన్లు పట్టికలో అట్టడుగున ఉన్నారు. అక్కడి నుంచి వరసగా చాలా మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంతో నాకౌట్‌లోకి దూరారు. మొదటి మ్యాచ్ న్యూజిలాండ్‌లో, వెబ్‌స్టర్ కోచ్‌గా ఉన్న వారియర్స్‌తో. 24–8తో గెలిచారు. తర్వాతి వారం బుల్‌డాగ్స్‌తో. ఆ క్లబ్బు పెద్ద తలకాయ ఫిల్ గూల్డ్, కోచ్ సిరాల్డో, కెప్టెన్ స్టీఫెన్ క్రైటన్. బర్టన్, కికావు కూడా వెళ్ళింది అక్కడికే. పెన్రిత్ నారు పట్టుకెళ్ళి నాటుకున్న పొలం అది. 2017 నుంచి 2023 దాకా ఏడేళ్ళు నాకౌట్ మొహం చూడని ఆ క్లబ్బు 2025లో పట్టికలో మూడోది.

పెన్రిత్ 46, బుల్‌డాగ్స్ 26.

ఆ మరుసటి వారం బ్రిస్బేన్ చేతిలో పెన్రిత్ రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. 16–14. ఆ బ్రిస్బేనే ఫైనల్లో మెల్‌బోర్న్‌ని 26–22తో ఓడించి ఛాంపియన్ అయింది. 2020లో పట్టికలో ఆఖరి స్థానంలో ఉన్న జట్టు అది.

సెలవు. నమస్కారం.