చదివిన కోడ్ వేరు, నడిచే కోడ్ వేరు: ఓపెన్ సోర్స్ సరఫరా గొలుసులో దొడ్డిదారులు

(తెరపై: నల్లని టెర్మినల్. లాగిన్ ఆదేశం పక్కన స్టాప్‌వాచ్.)

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పనితీరును కొలుస్తుండగా, తన లినక్స్ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా లాగిన్ కావడానికి మామూలు కంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఇంకొకరైతే నెట్‌వర్క్ నెమ్మదించిందని సరిపెట్టుకునేవారు. ఆయన ఆ జాడ పట్టుకుని వెళ్తే అది ఎస్‌ఎస్‌హెచ్ దగ్గర ఆగలేదు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యూటిల్స్ దాకా తీసుకుపోయింది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి తవ్వి ఉంచారని మార్చి 29న ఆయన బహిరంగంగా ప్రకటించారు. రహస్య తాళంచెవి చేతిలో ఉన్నవారు ఆ దారిన సర్వర్‌లోకి దూరి తమకు నచ్చిన ఆదేశాలు నడపగలిగేవారు.

(తెరపై: ఎస్‌ఎస్‌హెచ్, సిస్టమ్‌డీ, ఎక్స్‌జెడ్ పేర్లు ఒక గొలుసుగా కలుస్తాయి.)

ఫైళ్లను కుదించే లైబ్రరీకి, లాగిన్‌కు సంబంధమేమిటి? అసలు ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాముకు ఎక్స్‌జెడ్ అవసరమే లేదు. అయితే కొన్ని లినక్స్ పంపిణీలు తమ సౌకర్యం కోసం ఎస్‌ఎస్‌హెచ్‌కు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే వ్యవస్థ) లైబ్రరీని జోడించాయి, ఆ లైబ్రరీ తన పని కోసం ఎక్స్‌జెడ్‌ను వెంట తెచ్చుకుంది. మనం కోరి తెచ్చుకున్న ప్రతి ప్యాకేజీ వెనుక మనం కోరని బంధుగణం ఇలాగే దిగుతుంది. సాఫ్ట్‌వేర్ సరఫరా గొలుసు అంటే ఆ బంధుగణమంతా.

ఇక దాచిన తీరు చూడండి. హానికర కోడ్‌లో పెద్ద భాగం, పరీక్షల కోసం ఉంచిన పాడైన ఫైళ్ల రూపంలో అందరికీ కనిపించే గిట్ (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే వ్యవస్థ) భాండారంలోనే ఉంది. పాడైన ఫైలును తెరిచి చదివేవారెవరు? దాన్ని మేల్కొలిపే చిన్న స్క్రిప్టు మాత్రం గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులోనే (కోడ్ అంతటినీ ఒకే మూటగా కట్టిన ఫైలు) ఉంది. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి వేల కళ్లు చూస్తుంటాయన్న నమ్మకానికి దెబ్బ తగిలేది ఇక్కడే, ఎందుకంటే ఆ కళ్లు చూసేది గిట్‌ను, పంపిణీలు నిర్మించుకున్నది టార్ ఫైలు నుంచి. నా దృష్టిలో ఈ మొత్తం సమస్యకు ఆయువుపట్టు గిట్‌కు, టార్ ఫైలుకు మధ్య ఉన్న ఈ తేడాయే.

ఈ పని చేసింది 'జియా టాన్' అనే పేరుతో 2021 నుంచి ఓపికగా మంచి ప్యాచులు పంపుతూ వచ్చిన ఖాతా. 2022లో మరికొన్ని అపరిచిత ఖాతాలు, పనులు నెమ్మదిగా సాగుతున్నాయంటూ అసలు మెయింటైనర్‌ను, అంటే ప్రాజెక్టు నిర్వాహకుడిని, సతాయించాయి. జీతం లేకుండా, ఒంటరిగా, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉండి ఏళ్ల తరబడి ఆ ప్రాజెక్టును మోస్తున్న మనిషి, సాయపడతానన్న చేతికి తాళాలు అప్పగించాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఈ దొంగను అర సెకను ఆలస్యం పట్టించింది.

(తెరపై: 2018.)

ఇది మొదటిసారి కూడా కాదు. 2018లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎంలోని ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీ ఇదే విధంగా చేతులు మారింది. కొత్త వ్యక్తి దానికి మరో చిన్న ప్యాకేజీని తగిలించి, కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి సొమ్ము కాజేసే కోడ్‌ను అందులో దాచాడు. అక్కడ కూడా బహిరంగ భాండారంలో కనిపించిన కోడ్ వేరు, ఎన్‌పీఎంకు ఎక్కించిన ఫైలు వేరు.

2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌ఫర్‌షెల్ కథ వేరు. అందులో ద్రోహం లేదు, లాగ్‌ఫర్‌జే అనే జావా లైబ్రరీలో ఒక సౌకర్యం ప్రాణాంతకమైన లోపంగా తేలింది. సంస్థలను నిద్రపోనివ్వనిది మరో ప్రశ్న: ఆ లైబ్రరీ మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది? ప్రతి ఉత్పత్తితో పాటు దాని విడిభాగాల జాబితా, అంటే ఎస్‌బీఓఎం, ఉండాలన్న ఒత్తిడి అందుకే పెరిగింది.

(తెరపై: విడిభాగాల జాబితా, దాని పక్కన ఒక డిజిటల్ సంతకం.)

జాబితా మంచిదే కానీ, ఎక్స్‌జెడ్ విషయంలో అది 5.6.1 అని నిజమే చెప్పి ఊరుకునేది. వాడే వెర్షన్లను రాసి ఉంచే లాక్ ఫైలులోని హ్యాష్, అంటే ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య, నిన్నటి ఫైలే నేడూ వచ్చిందని చెబుతుంది తప్ప ఆ ఫైలు మంచిదని చెప్పదు. డిజిటల్ సంతకం కూడా ఆదుకోలేదు, ఎందుకంటే సంతకం చేసే అధికారం దొంగకే ఉంది. టార్ ఫైలును గిట్‌తో పోల్చి చూడడం, కుదిరితే నేరుగా గిట్ నుంచే నిర్మించడం దొడ్డిదారిని మేల్కొలిపే ఆ స్క్రిప్టును బయటపెట్టి ఉండేవి.

వెర్షన్ల విషయంలో మరో చిక్కు ఉంది. 5.6.0 విడుదలైన నాటి నుంచి గుట్టు బయటపడే వరకు సుమారు 5 వారాలే గడిచాయి కాబట్టి, డెబియన్ అనే లినక్స్ పంపిణీలో మెల్లగా కదిలే స్థిర విడుదల దెబ్బ తినలేదు, టెస్టింగ్ శాఖలోకి మాత్రం ఆ వెర్షన్ వెళ్లింది. అదే నెమ్మది లాగ్‌ఫర్‌షెల్ నాడు ప్రాణం తీస్తుంది. అందువల్ల మామూలు కొత్త వెర్షన్లను కొన్నాళ్లు ఆగి తీసుకోవాలి, భద్రతా సవరణలను మాత్రం ఆ నిరీక్షణ నుంచి మినహాయించాలి. ఈ రెండింటికీ ఒకే నియమం పెట్టుకున్న బృందం ఏదో ఒక రోజు ఇబ్బంది పడుతుంది.

(తెరపై: 5.6.2.)

దొడ్డిదారిని తొలగించిన ఎక్స్‌జెడ్ 5.6.2 వెర్షన్ 2024 మే 29న వచ్చింది. దాన్ని విడుదల చేసింది ఆ పాత మెయింటైనరే.