మూత విప్పి చూద్దాం: రాబోయే స్లిమ్ ల్యాప్‌టాప్‌లో మనకేం కావాలి?

నమస్తే అండీ. ఈరోజు కొత్త మోడల్ ఏదీ తీసుకురాలేదు. టేబుల్ మీద ఉన్నది నేను నాలుగేళ్లుగా వాడుతున్న స్లిమ్ ల్యాప్‌టాప్. వెనక మూత విప్పి పెట్టాను. రాబోయే వాటిలో మనకేం కావాలో మాట్లాడే ముందు, ఇప్పుడున్న దాని కడుపులో ఏముందో మీరు ఒకసారి చూడాలి.

కెమెరా దగ్గరకి జరుపుతున్నాను. ఈ నల్లటి పలకలా పరుచుకుని ఉన్నది బ్యాటరీ. లోపలి చోటులో దాదాపు సగం దీనిదే. పైన ఉన్న చిన్న బోర్డు మదర్‌బోర్డు. పక్కన ఒక ఫ్యాన్, రెండు స్పీకర్లు.

రెండు నెలల క్రితం దీని టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం మానేసింది. టచ్‌ప్యాడ్ పోయిందనుకుని వారం రోజులు మౌస్ తగిలించుకుని నెట్టుకొచ్చాను. తర్వాత ఒకరోజు చదునైన టేబుల్ మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోంది. అనుమానం వచ్చి మూత తీస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. అదే కింది నుంచి టచ్‌ప్యాడ్‌ని పైకి తోస్తోంది. మీ దగ్గర ఈ రెండు లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆఫ్ చేసి చార్జర్ తీసేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి. నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది.

బ్యాటరీ పాతబడటాన్ని నేను తప్పు పట్టను. లిథియం అయాన్ బ్యాటరీ ఎవరు తయారు చేసినా వాడే కొద్దీ అరుగుతుంది. నాకు బాధ కలిగింది జిగురు చూసి. ఇందులో బ్యాటరీని స్క్రూలతో బిగించలేదు, జిగురుతో అతికించారు. ఉబ్బిన బ్యాటరీని జిగురు మీంచి లేపడమంటే ఆషామాషీ పని కాదు. సర్వీస్ చేసిన అబ్బాయి అంచుల్లో చుక్క చుక్కగా ద్రావకం వేసి, ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపడానికి అరగంట పట్టింది. పక్కన కూర్చున్న నాకు ఆ అరగంటా టెన్షనే. నాలుగు స్క్రూలు ఉంటే అది ఐదు నిమిషాల పని.

అందుకే నా మొదటి కోరిక ఇది. బ్యాటరీ స్క్రూలతో రావాలి, మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడాలి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి, కొన్ని మినహాయింపులతో. ఒక చోట అలా డిజైన్ మార్చగలిగిన కంపెనీకి మిగతా చోట్ల జిగురు ఎందుకు?

"అలా చేస్తే మందం పెరుగుతుంది" అనే మాట వింటూ ఉంటాం. సరే, మందం గురించే మాట్లాడుకుందాం. 2008 జనవరిలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని కాగితం కవర్లోంచి తీసి చూపించారు. అందరూ నోరెళ్లబెట్టిన ఆ ల్యాప్‌టాప్ మందం ఎంతో తెలుసా? బాగా మందంగా ఉన్న చోట 1.94 సెంటీమీటర్లు. 2022లో ఎం2 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ 1.13 సెంటీమీటర్లే. అంటే పలుచన చేసే పందెం ఎప్పుడో గెలిచేశాం. ఇంకో మిల్లీమీటరు తగ్గిస్తే బ్యాగులో మనకి తేడా తెలియదు. కానీ ఒక మిల్లీమీటరు పెంచితే మాత్రం తేడా చాలా తెలుస్తుంది.

లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ల్యాప్‌టాప్‌కి ఒక మిల్లీమీటరు మందం కలిపితే లోపల 63 ఘన సెంటీమీటర్ల చోటు వస్తుంది. అందులో సగం బ్యాటరీకి ఇచ్చినా సుమారు 15 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) అదనంగా దొరుకుతాయి. 55 వాట్ అవర్ల బ్యాటరీకి అది పావు వంతు కంటే ఎక్కువే. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే పరిమితి 100 వాట్ అవర్లు. చాలా స్లిమ్ ల్యాప్‌టాప్‌లు ఆ పరిమితికి చాలా దూరంలోనే ఆగిపోతున్నాయి.

ఇంకో మాట. 2020 చివర్లో వచ్చిన ఎం1 ఎయిర్‌కి ఫ్యానే లేదు. అయినా రోజువారీ పనులు చకచకా చేసేది. చిప్ తక్కువ కరెంటు తాగితే ఎంత లాభమో అప్పుడే తెలిసింది. ఆ ఆదా అయిన కరెంటుని మనకి గంటల రూపంలో ఇవ్వండి. చిప్ పొదుపుగా ఉంది కదా అని బ్యాటరీని చిన్నది చేసేస్తే మనకి మిగిలేది ఏముంది?

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయం. రాత్రి 80 శాతంతో మూత మూసి బ్యాగులో పెడతాం. పొద్దున తీసేసరికి ల్యాప్‌టాప్ వేడిగా ఉంటుంది, చార్జింగ్ 40కి పడిపోయి ఉంటుంది. ఎవరూ ముట్టుకోలేదు. మరి ఏమైంది? పాత విండోస్ ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ర్యామ్‌కి (నడుస్తున్న పనుల్ని పట్టి ఉంచే మెమరీకి) తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. ఇప్పుడు చాలా వాటిలో మోడర్న్ స్టాండ్‌బై ఉంటోంది. ఫోన్‌లాగా, మూత మూసినా సిస్టమ్ పూర్తిగా నిద్రపోదు, నెట్‌కి అంటిపెట్టుకుని ఉండగలదు, వెనకాల అప్‌డేట్లు చూసుకోగలదు. ఏ డ్రైవరో (లోపలి భాగాల్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) మొండికేస్తే ప్రాసెసర్‌ని రాత్రంతా మేల్కొలిపే ఉంచుతుంది. గాలి ఆడని బ్యాగులో ఆ వేడి బ్యాటరీకి పెద్ద శత్రువు. చాలా కొత్త మోడళ్లలో పాత స్లీప్‌కి మారే దారి కూడా లేదు.

ప్రస్తుతానికి నేను చేసేది చెబుతాను. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే చేస్తున్న పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోయేలా, సెట్టింగ్ మార్చుకున్నాను. తెరిచాక కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, కానీ పెట్టిన చార్జింగ్ పెట్టినట్టే ఉంటుంది. రాబోయే ల్యాప్‌టాప్ నుంచి నేను కోరేది చిన్నదే. మూత మూస్తే నిద్రపోవాలి. అంతే!

ఇక ర్యామ్. బోర్డు మీద ఈ నాలుగు నల్లటి చిప్‌లు చూడండి. మొత్తం 8 జీబీ, బోర్డుకి సోల్డర్ చేసేశారు, అంటే ఊడదీయలేకుండా లోహంతో అతికించేశారు. కొన్న రోజు సరిపోయింది, ఇప్పుడు సరిపోవడం లేదు. పెంచుకునే దారి లేదు. ప్రాసెసర్ బాగుంది, స్క్రీన్ బాగుంది, ర్యామ్ ఒక్కటి చాలక మంచి మెషిన్ ముసలిదైపోతోంది.

న్యాయంగా చెప్పాలంటే సోల్డర్ చేయడానికి సాంకేతిక కారణం ఉంది. ఈ తరహా ర్యామ్ తక్కువ వోల్టేజీతో చాలా వేగంగా పనిచేస్తుంది కాబట్టి ప్రాసెసర్‌కి అతి దగ్గరగా ఉండాలి. పాత స్లాట్‌లో పెడితే మధ్యలో దారి పొడవైపోతుంది, సిగ్నల్ చెడుతుంది. కానీ దీనికి పరిష్కారం వచ్చేసింది. ఎల్‌పీక్యామ్2 అనే మాడ్యూల్ బోర్డు మీద చదునుగా పడుకుంటుంది, స్క్రూలతో బిగుస్తుంది, వేగం తగ్గదు. లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ1 జెన్7లో వాడి చూపించింది. అది మామూలు స్లిమ్ ల్యాప్‌టాప్‌లకి కూడా రావాలన్నది నా గట్టి కోరిక. అప్పటిదాకా కనీసం 16 జీబీతో మొదలుపెట్టాలి. మైక్రోసాఫ్ట్ తన ఏఐ ల్యాప్‌టాప్‌లకి, అంటే కోపైలట్ ప్లస్ పీసీలకి పెట్టిన కనీస హద్దు కూడా అదే.

కీబోర్డు సంగతి ఆపిల్ అనుభవమే చెబుతుంది. 2015లో పలుచదనం కోసం చాలా తక్కువ లోతుకి దిగే బటర్‌ఫ్లై కీలు తెచ్చింది. దుమ్ము పడితే కీలు ఇరుక్కుపోయేవి. 2018లో ఉచిత సర్వీస్ ప్రకటించాల్సి వచ్చింది, 2019లో 16 అంగుళాల మోడల్‌తో మళ్లీ ఒక మిల్లీమీటరు కిందికి దిగే పాత రకం కీలకే వచ్చింది. వేళ్లకి కావాల్సిన లోతు వేళ్లకి ఇవ్వాల్సిందే.

పోర్టుల గురించి రెండే మాటలు. టైప్ సీ చెరో వైపు ఒకటి ఉండాలి, ఎందుకంటే ప్లగ్ పాయింట్ ఎప్పుడూ మనకి అనుకూలమైన వైపే ఉండదు. ఆ పోర్టు విడిగా చిన్న బోర్డు మీద ఉండాలి. రోజూ చార్జర్ పెట్టి తీసేది అక్కడే, ముందు వదులయ్యేదీ అదే. మదర్‌బోర్డుకే అతికిస్తే ఒక చిన్న రంధ్రం కోసం మొత్తం బోర్డు మార్చాల్సి రావచ్చు.

స్క్రీన్, కెమెరా, స్పీకర్లు ఈమధ్య బాగానే మెరుగయ్యాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇప్పుడు ఈ మూల చూడండి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న ఈ పట్టీ ఎస్ఎస్‌డీ, మన ఫైళ్లన్నీ ఉండేది ఇందులోనే. నిండిపోయింది, అందుకే పెద్దది తెచ్చాను. డేటా ముందే కాపీ చేసి పెట్టాను. బ్యాటరీ కనెక్టర్ తీశాను. ఒక్క స్క్రూ... ఇదిగో వచ్చింది. స్క్రూ తీయగానే పాతది తనే పైకి లేచింది చూశారా? దాన్ని లాగేశాను. కొత్తది ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, అదే స్క్రూ బిగించాను. కనెక్టర్ మళ్లీ పెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. జిగురేసిన బ్యాటరీ, మార్చలేని ర్యామ్, ఇంత సులువుగా మారే ఎస్ఎస్‌డీ, మూడూ ఇదే మెషిన్‌లో ఉన్నాయి. మూత పెట్టి ఆన్ చేస్తున్నాను... లోగో వచ్చింది.